కొత్త బండి కప్పుకు బెజ్జం పెట్టండి

గుడికి తీసుకెళ్లి వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన కొత్త పికప్ ట్రక్కు. దాని కప్పు మీద డ్రిల్లు పెట్టి ముప్పావు అంగుళం బెజ్జం చేయమంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అయినా చేయమనే అంటున్నాను. సీబీ రేడియో బాగా పలకాలంటే చేయాల్సిన పనుల్లో చాలావరకు మొదటిసారి వింటే తలకిందులుగానే ఉంటాయి. రేడియో మీద తక్కువ ఖర్చు పెట్టండి. నిగనిగలాడే పెయింటు గీకేయండి. మల్టీమీటర్ సున్నా చూపిస్తే నమ్మకండి. మీటరు ముల్లు కాస్త పైకి జరిగితే సంతోషించండి. వీటిలో ప్రతిదీ మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఎందుకో కూడా చెబుతాను. కారణం తెలియకుండా ఎవరూ సొంత బండికి బెజ్జం పెట్టకూడదు.

సీబీ, అంటే సిటిజన్స్ బ్యాండ్, ప్రధానంగా అమెరికా రోడ్ల రేడియో. 1958లో అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 27 మెగాహెర్ట్జ్ దగ్గరి బ్యాండును సామాన్య జనం మాట్లాడుకోవడానికి వదిలింది. 1973లో చమురు కటకట వచ్చింది. ఆ వెంటనే దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగ పరిమితి వచ్చింది. డీజిల్ ఎక్కడ దొరుకుతోందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో చెప్పుకోవడానికి ట్రక్కు డ్రైవర్లు ఈ రేడియోను పట్టుకున్నారు. ఆ తాకిడికి 23 చానళ్లు చాలక 1977 జనవరి నుంచి 40 చేశారు. 1983లో లైసెన్సు అవసరం కూడా తీసేశారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ సందడి తగ్గింది. కొండ దారుల్లో బృందాలుగా తిరిగే జీపులవాళ్లలో చాలామంది జీఎంఆర్‌ఎస్ అనే వేరే రకం రేడియో సెట్లకు మారిపోయారు. అయినా ముందున్న మలుపులో ట్రాఫిక్ ఎందుకు ఆగిందో చెప్పే గొంతు చానల్ 19లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆర్‌వీ తీసుకుని ఎల్లోస్టోన్‌కు, జీపు వేసుకుని యూటాలోని మోయాబ్ ఎర్రరాళ్ల దారులకు వెళ్లే తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. ఆ దారుల్లో చాలాచోట్ల ఫోనులో ఒక్క గీత కూడా ఉండదు. అక్కడ రేడియో పలకకపోతే అది డాష్‌బోర్డు మీద బరువు మాత్రమే.

పలకకపోవడానికి మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే. యాంటెన్నా అంటే నిలబడి ఉన్న కడ్డీ ఒక్కటే అనుకుంటారు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు, అంటే దాదాపు తొమ్మిది అడుగులు, కడ్డీ వాటా. మిగతా వాటా కడ్డీ కింద ఉన్న ఇనుముది. కడ్డీలోకి కరెంటు ఎంత వెళుతుందో, బండి రేకులోంచి అంతే తిరిగి రావాలి. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. మనవాళ్లు ఒక చెయ్యి కొనుక్కొచ్చి, రెండో చెయ్యి బండికి ముందే ఉందన్న సంగతి మరిచిపోతారు. ఇక్కడ చెప్పే తలకిందుల సలహాలన్నీ ఆ రెండో చేతి గురించే. దాన్నే ఇక్కడ ఎర్త్ అంటున్నాను.

రేడియో మీద తక్కువ పెట్టండి

కొట్లో అతి చవక సెట్టు, అతి ఖరీదైన సెట్టు పక్కపక్కన పెట్టి చూడండి. చట్టం రెండింటికీ ఒకే హద్దు గీసింది: ఏఎంలో 4 వాట్లు. సింగిల్ సైడ్‌బ్యాండ్ ఉన్న సెట్టుకు శిఖర శక్తి 12 వాట్లు. ఎక్కువ డబ్బు పెడితే మంచి మైకు వస్తుంది, రణగొణ ధ్వనిని వడకట్టే సర్క్యూట్ వస్తుంది, డయల్ అందంగా వెలుగుతుంది. అవతలి మనిషికి మీరు వినపడే దూరం మాత్రం పెరగదు. కాబట్టి డబ్బు యాంటెన్నాకు, మౌంటుకు, మంచి కేబులుకు పెట్టండి. మిగిలిన దాంతో రేడియో కొనండి. బేరం ఈ వరసలో చేసినవాడు నష్టపోడు.

ఈ మాట అనగానే కొందరు గొంతు తగ్గించి 'లీనియర్' పెట్టుకోమంటారు. అంటే సెట్టుకు, యాంటెన్నాకు మధ్య పెట్టే పవర్ యాంప్లిఫయర్. అమెరికాలో సీబీకి అది చట్టవిరుద్ధం. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క చూడండి. 4 వాట్లను 16 చేస్తే అవతలి సెట్టు మీటరులో పెరిగేది ఆరు డెసిబెళ్లు, అంటే సంకేత బలాన్ని కొలిచే ఒక్క ఎస్-యూనిట్. చెడ్డ ఎర్త్ మీద నిలబెట్టిన యాంటెన్నా అంతకు అంత, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే, మింగేస్తుంది. పైగా మీ గొంతు పెద్దదైనంత మాత్రాన మీకు వినపడేది పెరగదు. యాంటెన్నా బాగుపడితే మాట, చెవి రెండూ బాగుపడతాయి.

బెజ్జం సంగతి

ఉక్కు కప్పు నట్టనడుమ యాంటెన్నాకు దొరికే చోటు బండిలో ఇంకెక్కడా దొరకదు. చుట్టూ అన్ని దిక్కులా రేకు సమానంగా పరుచుకుని ఉంటుంది. అందువల్ల సంకేతం కూడా నాలుగు వైపులా దాదాపు సమానంగా వెళుతుంది. బండిని మించిన ఎత్తు కూడా అక్కడే ఉంటుంది. యాంటెన్నాను ఒక మూలకు జరిపితే, రేకు ఎటు ఎక్కువ ఉందో అటే బలం ఎక్కువగా వెళుతుంది. వెనక బంపరు ఎడమ చివర బిగిస్తే సంకేతం ముందు కుడివైపుకు మొగ్గుతుంది. వెనక వచ్చే స్నేహితుడికి సగమే వినిపిస్తారు. బంపరు మౌంటుతో ఇంకో దోషం ఉంది. కడ్డీ కింది సగం డిక్కీ రేకును ఆనుకుని ఉంటుంది. కనీసం పై సగమైనా కప్పు కంటే ఎత్తున లేకపోతే బండే దానికి అడ్డుగోడ అవుతుంది.

బెజ్జం పెట్టడానికి తొందరపడకండి. మొదట లోపలి గుడ్డ కప్పు, అంటే హెడ్‌లైనర్, కాస్త దించి చూడాలి. రేకు కింద అడ్డ దూలాలు ఎక్కడ ఉన్నాయి, లైటు వైరు ఎటు పోతోంది, పక్క అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందా అన్నది తేల్చుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ దారిలో కేబులు వేయకూడదు. ఇందులో రాజీ లేదు. సన్‌రూఫ్, గాజు కప్పు ఉన్న బండికి ఈ సలహా వర్తించదు. లీజు మీద తీసుకున్న బండికి అసలే వద్దు.

పోలీసు కార్లకు, టాక్సీలకు దశాబ్దాలుగా వాడుతున్న ఎన్‌ఎంఓ మౌంటుకు ముప్పావు అంగుళం బెజ్జం కావాలి. దానికోసమే లోతు మించకుండా ఆగే హోల్ సా దొరుకుతుంది. అదే కొనండి. మామూలు డ్రిల్లు బిట్టు జారితే హెడ్‌లైనర్ చిరుగుతుంది. బెజ్జం అంచు నునుపు చేసి, బయటి వైపు ప్రైమరు, టచప్ పెయింటు రాసి ఆరనివ్వండి. లోపలి వైపు మౌంటు పళ్లు రేకును కరిచే చోట మాత్రం పెయింటు ఉండకూడదు. అక్కడ లోహానికి లోహం తగలాలి. పైన రబ్బరు రింగు సరిగ్గా కూర్చుంటే వాన నీరు దిగదు. యాంటెన్నా తీసేసిన రోజున ఆ మౌంటు మీద చిన్న రబ్బరు మూత బిగిస్తే సరిపోతుంది. బండి అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని భయపడేవాళ్లు ఉన్నారు. బండిని వాడుకోవడానికి కొన్నప్పుడు ఆ భయానికి ఇంత విలువ ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం.

సున్నా చూపిస్తే నమ్మకండి

అన్నిటికంటే ఎక్కువమందిని పక్కదారి పట్టించేది ఇదే. మౌంటు ఎర్త్ సరిగ్గా లేదని అనుమానం రాగానే ఆటో ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడు? మౌంటు బోల్టు నుంచి ఒక పచ్చ వైరు లాగి, ఆరడుగుల దూరంలో చాసిస్‌కో, బ్యాటరీ నెగటివ్‌కో బిగిస్తాడు. మల్టీమీటర్ పెడితే సున్నా ఓమ్‌లు. 'బాడీ ఎర్త్ అదిరింది సార్' అంటాడు. హెడ్‌లైటుకైతే అతని మాట నూటికి నూరుపాళ్లు నిజం. యాంటెన్నాకు కాదు.

మల్టీమీటర్ కొలిచేది ఒకే దిశలో నిలకడగా పారే కరెంటును. యాంటెన్నాలో కరెంటు సెకనుకు 2 కోట్ల 70 లక్షల సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ వేగానికి తిన్నగా లాగిన వైరు కూడా ఒక కాయిలే. మీటరు పొడవున్న మామూలు వైరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 170 ఓమ్‌ల అడ్డు. ఆరడుగుల వైరుకు ఇంచుమించు 300. అంటే మల్టీమీటర్ సున్నా అన్నచోట మీ సంకేతానికి గోడ కట్టి ఉంది. అంతటితో అయిపోదు. ఆ వైరు తానే యాంటెన్నాలో భాగమై, బండి లోపలా కిందా సంకేతాన్ని చిమ్ముతుంది. మైకు పట్టుకుంటే పెదవికి చురుక్కుమనడం, మాట్లాడితే డాష్‌బోర్డు లైట్లు మినుకుమనడం, కేబులును చేత్తో కదిపితే మీటరు ముల్లు కదలడం, ఇవన్నీ ఎర్త్ సరిగ్గా లేదని అనుమానించాల్సిన గుర్తులు.

మరేం చేయాలి? వైరు వద్దు, పట్టీ వేయండి. అల్లిన రాగి పట్టీని బ్రెయిడ్ అంటారు. తగరం పూత ఉన్నదైతే మేలు. వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ ఉండాలి. వీలైతే బెత్తెడు పొడవులో పని ముగించాలి. ఈ పౌనఃపున్యంలో కరెంటు రాగి లోపలికి దిగదు. పైపైన మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త మించిన మందంలోనే పారుతుంది. కాబట్టి వైరు లోపల రాగి ఎంత లావుగా ఉందన్నది లెక్కలోకి రాదు. పైముఖం ఎంత వెడల్పుగా ఉంది, ఎంత పొట్టిగా ఉందన్నదే లెక్క. పట్టీ రెండో చివర బ్యాటరీకి వెళ్లనక్కర్లేదు. మౌంటుకు అతి దగ్గర్లో ఉన్న పెద్ద రేకుకు వెళ్లాలి. ఇక్కడ బ్యాటరీకి పనేమీ లేదు. రేడియోకు కరెంటు ఇచ్చే దారి వేరు, యాంటెన్నా ఆనుకునే ఇనుము వేరు. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లే పచ్చ వైర్లు పుడుతున్నాయి.

తలుపులు, బానెట్, డిక్కీ మూత, జీపు వెనక తలుపు బండిలో భాగమే అనిపిస్తాయి. కానీ వాటిని బండితో కలిపేది గ్రీజు పూసిన కీళ్లు, మధ్యలో రబ్బరు. వాటి మీద యాంటెన్నా పెడితే ప్రతి కీలు దగ్గరా ఒక బ్రెయిడ్ పట్టీ వేసి బాడీకి కలపాలి. జీపు రాంగ్లర్ స్టెపినీ మౌంటు వాడేవాళ్లు ఇది మరవకూడదు. ఆ పట్టీల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఇంజను నుంచి వచ్చే గరగర తగ్గుతుంది. సైలెన్సర్ గొట్టం రబ్బరు కొక్కేలకు వేలాడుతుంది కనుక అది కూడా ఆ గరగరను మోసే యాంటెన్నాలా పనిచేస్తుంది. దాన్ని సైతం చాసిస్‌కు పట్టీతో కట్టిన బండ్లలో తేడా స్పష్టంగా వినబడుతుంది.

మల్టీమీటర్‌ను పారేయమని నా ఉద్దేశం కాదు. అది మంచి కాపలాదారు. కేబులును రేడియో నుంచి విప్పి మూడు కొలతలు చూడండి. కనెక్టరు నడిమి పిన్నుకు, యాంటెన్నా బిగించే స్టడ్డుకు మధ్య సున్నా దగ్గర రావాలి. బయటి గుల్లకు, బండి రేకుకు మధ్య కూడా అంతే. యాంటెన్నా విప్పేసి చూస్తే నడిమి పిన్నుకు, గుల్లకు మధ్య మాత్రం ఏమీ రాకూడదు. వచ్చిందంటే షార్టు. అద్దం కడ్డీకి బిగించే మౌంట్లలో చాలాసార్లు ఇదే జరుగుతుంది. మెడ ఉన్న తెల్లటి నైలాన్ వాషరు బెజ్జంలో సరిగ్గా కూర్చోక, స్టడ్డు పోయి బ్రాకెట్‌కు తగులుతుంది. పది పైసల ఖరీదు చేయని ఆ వాషరు తప్పుగా కూర్చుంటే వందల డాలర్ల సెట్టు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ మాడిపోవచ్చు. సున్నా రాకపోతే ఎర్త్ లేదని తేల్చేయవచ్చు. సున్నా వచ్చినంత మాత్రాన ఉందని తేల్చేయకూడదు.

పెయింటు గీకండి, ఒక్క చోట తప్ప

బ్రాకెట్ బోల్టు కూర్చునే చోట పెయింటును ఉప్పుకాగితంతో మెరిసే లోహం కనబడేదాకా గీకండి. బోల్టు తల కింద పళ్లున్న స్టార్ వాషరు వేయండి. బిగించాక పైనుంచి గ్రీజో, స్ప్రే పెయింటో పూసి గాలి, నీరు తగలకుండా మూసేయండి. చుట్టూ పౌడర్ కోటింగ్ ఉన్న రూఫ్ ర్యాకులు, బంపర్లు చూడటానికి ఇనుమే. బోల్టుకు తగిలేది మాత్రం ప్లాస్టిక్ లాంటి పూత. దాన్ని గీకకుండా బిగించిన యాంటెన్నా గాల్లో వేలాడుతున్నట్టే.

గీకకూడని ఒక్క చోటు అయస్కాంతపు మౌంటు కింద. ఇక్కడ కొందరు అతిభక్తులు కప్పు మీది పెయింటు గీకి తుప్పు తెచ్చుకుంటారు. అయస్కాంతం బిళ్ల ఒక పలక, కప్పు రేకు ఇంకో పలక, మధ్యలో పల్చటి పెయింటు. అది చక్కటి కెపాసిటర్. రేడియో తరంగం దాన్ని సులువుగా దాటిపోతుంది. బిళ్ల ఎంత వెడల్పు ఉంటే అంత మంచిది. మీటరు పెడితే ఇక్కడ సున్నా రాదు. రాకపోయినా యాంటెన్నా పనిచేస్తుంది. చేయాల్సింది వారానికోసారి ఎత్తి, కింద చేరిన దుమ్ము తుడవడం. లేకపోతే ఇసుక రేణువులే పెయింటును కోస్తాయి. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియం మిశ్రమంతో వస్తోంది. చాలా పెద్ద ట్రక్కుల క్యాబిన్లు కూడా అంతే. వాటికి అయస్కాంతం అంటదు. అయినా రేడియో దృష్టిలో అల్యూమినియం మంచి రేకే. బెజ్జం మౌంటుకు ఏ లోటూ రాదు.

ముల్లు పెరిగితే సంతోషించండి

యాంటెన్నా బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో సరిచూడమని అందరూ చెబుతారు. చూడాలి. పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో అది చెబుతుంది. 1.5 దగ్గర నూటికి నాలుగు వంతులు, 2 దగ్గర పదకొండు, 3 దగ్గర పాతిక వంతులు వెనక్కి వస్తాయి. మూడు దాటితే మైకు నొక్కకండి. రేడియోకే ప్రమాదం.

అంతవరకు అందరం ఒకటే. ఆ తర్వాత 1.0 కోసం పూజలు మొదలవుతాయి. ఇక్కడే నేను విడిపోతాను. కేబులు చివర 50 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బిగించండి. మీటరు కచ్చితంగా 1.0 చూపిస్తుంది. మీ మాట మాత్రం గ్యారేజీ దాటదు, శక్తంతా వేడిగా పోతుంది. మీటరుకు యాంటెన్నాకు, రెసిస్టర్‌కు తేడా తెలియదు. పావు తరంగం కడ్డీని చక్కటి ఎర్త్ మీద నిలబెడితే అది చూపే నిరోధం 36 ఓమ్‌ల దాకా ఉంటుంది. 50ని 36తో భాగిస్తే దాదాపు 1.4. అంటే ఆదర్శంగా పనిచేసే యాంటెన్నాకు, మధ్యలో సర్దుబాటు కాయిలు లేకపోతే, మీటరు చూపాల్సింది 1.4. అదే యాంటెన్నా 1.0 చూపిస్తోందంటే ఎర్త్ దగ్గర 14 ఓమ్‌లు నష్టం ఉండి ఉండవచ్చు. ఆ నష్టం శక్తిలో నూటికి పాతిక వంతులకు పైగా తినేస్తోంది. పచ్చ వైరు తీసి పట్టీ వేసిన రోజున ముల్లు 1.1 నుంచి 1.4కి పెరిగితే కంగారుపడి మళ్లీ వైరు బిగించకండి. ఆ పెరుగుదలే మీ పనికి దక్కిన మెప్పు.

మూడు నాలుగు అడుగుల పొట్టి యాంటెన్నాలకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాటిలో నిజంగా సంకేతాన్ని వెదజల్లే నిరోధం 20 ఓమ్‌ల కంటే తక్కువే. కాబట్టి ఎర్త్‌లో నాలుగైదు ఓమ్‌లు పోయినా పెద్ద వాటా పోయినట్టే. అందుకే ఎనిమిదిన్నర అడుగుల స్టీలు విప్ (వంగే పొడవాటి కడ్డీ) పాతకాలపు వస్తువులా కనిపించినా ఇప్పటికీ దాన్ని మించిన పొట్టి యాంటెన్నా రాలేదు. ఊగిసలాడేదాన్ని భరించలేనివాళ్లు మొదటే పొడవు తగ్గించేయకుండా, బండికి సరిపడే అతి పొడుగుది కొనుక్కోవాలి.

సరిచూసే పద్ధతి చిన్నదే. ఖాళీ మైదానంలో, తలుపులన్నీ మూసి, మనుషులు పక్కన నిలబడకుండా చానల్ 1లో, 20లో, 40లో కొలవండి. ఒకటిలో ఎక్కువ, నలభైలో తక్కువ వస్తే యాంటెన్నా పొట్టిది, పెంచాలి. నలభైలో ఎక్కువ వస్తే పొడుగుది, తగ్గించాలి. కత్తిరించాల్సిన రకమైతే ఒక్కోసారి పావు అంగుళమే. అతికించడం కుదరదు. అన్ని చానళ్లలోనూ ఒకేలా ఎక్కువ వస్తుంటే కత్తెర కింద పెట్టేయండి. అక్కడ జబ్బు పొడవుది కాదు, ఎర్త్‌దో కేబులుదో.

రెండు కంటే ఒకటి మేలు

పెద్ద ట్రక్కుల అద్దాల మీద చెరో పక్క ఒకటి చొప్పున రెండు యాంటెన్నాలు చూసి, చిన్న పికప్‌కు కూడా జంట బిగించుకునేవాళ్లు ఉన్నారు. ట్రక్కుకు దాని అవసరం ఉంది. వెనక ఎత్తైన ట్రైలరు ఒక యాంటెన్నాకు అడ్డం వస్తుంది. రెండూ కలిస్తే రోడ్డు వెంబడి ముందుకూ వెనక్కూ సంకేతం సాగుతుంది. అది సరిగ్గా జరగాలంటే రెండింటి మధ్య ఇంచుమించు పావు తరంగం, అంటే తొమ్మిది అడుగులు ఉండాలి. చిన్న బండికి అంత వెడల్పు లేదు. ఐదడుగుల దూరంలో పెట్టిన జంటకు ఖర్చు, చిక్కులు రెండింతలు. ప్రయోజనం ఒక మంచి యాంటెన్నాకు ఉన్నంత కూడా రాదు. జంటకు వాడే కేబులు కూడా వేరు. అది 75 ఓమ్‌లది. ఒంటి యాంటెన్నాకు 50 ఓమ్‌లది వాడాలి. ఇంట్లో మిగిలిన టీవీ కేబులు ఒంటి యాంటెన్నాకు అక్కరకు రాదు.

ఎర్త్ లేనిచోట ఎర్త్ వెతకొద్దు

ఇంతసేపు ఎర్త్ ఎర్త్ అని చెప్పి, ఇప్పుడు ఆర్‌వీలవాళ్లకు దాన్ని మరిచిపోమంటున్నాను. ఫైబర్‌గ్లాస్ గోడలు, ఫైబర్‌గ్లాస్ కప్పు ఉన్న ఆర్‌వీలో వెనక నిచ్చెన అల్యూమినియందే. కానీ అది ఫైబర్ గోడకు స్క్రూలతో అంటుకుని ఉంటుంది. కింద ఉన్న చాసిస్‌కు దానికీ సంబంధం లేదు. నిచ్చెన నుంచి చాసిస్‌కు పదడుగుల పట్టీ లాగితే, పైన చెప్పిన లెక్క ప్రకారమే, లాభం లేదు. ఇలాంటి బండ్ల కోసమే కింద రేకు ఆసరా (గ్రౌండ్ ప్లేన్) అక్కర్లేని కిట్లు దొరుకుతాయి. వాటిలో కేబులే రెండో చెయ్యి. అందువల్ల కిట్టుతో వచ్చిన కేబులునే, ఉన్న పొడవు ఉన్నట్టే వాడాలి. దాన్ని కత్తిరించినా, మామూలు కేబులు తగిలించినా కిట్టు వృథా.

మామూలు యాంటెన్నాకు కేబులు కచ్చితంగా పద్దెనిమిది అడుగులు ఉండి తీరాలన్న మాట పట్టించుకోకండి. ఎర్త్ సరిగ్గా ఉండి, యాంటెన్నా సరిపోయినప్పుడు పొడవు మారితే ముల్లు కదలదు. కదులుతోందంటే కేబులు పైగుల్ల మీద కరెంటు పారుతోందని అర్థం. కేబులు మార్చడం కాదు, మౌంటు దగ్గరికి తిరిగి వెళ్లాలి. మిగిలిన కేబులును బిగుతైన చుట్టలా చుట్టకుండా సీటు కింద పెద్ద వదులు మడతలుగా పెట్టండి. తలుపు సందులో నలగనివ్వకండి.

ఇక రేడియోకు కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకుంటే ఇంజను మోత అంతా లోపలికి వస్తుంది. పాజిటివ్‌ను నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు వేసి తెచ్చుకోండి. ఇప్పటి కార్లలో చాలావాటికి బ్యాటరీ నెగటివ్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. అలాంటప్పుడు నెగటివ్‌ను బ్యాటరీ పోస్టుకు కాక, కంపెనీ ఇచ్చిన చాసిస్ ఎర్త్ బోల్టుకు కలపాలి.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. ఎనిమిదిన్నర అడుగుల విప్‌ను బండి కప్పు మీద నిలబెడితే మొత్తం ఎత్తు అమెరికా ట్రక్కుల మామూలు ఎత్తు పరిమితి, పదమూడున్నర అడుగులను దాటిపోవచ్చు. పొడుగు విప్‌కు చోటు కిందే. కప్పు మీద పొట్టిదే పెట్టాలి. కింద పెట్టినా ఊళ్లో తిరిగేటప్పుడు వంచి కట్టే క్లిప్పు వాడండి. క్యాంపు మైదానాల్లో కరెంటు తీగలు తక్కువ ఎత్తులో వేలాడుతుంటాయి. చెట్ల మధ్య అవి కనబడవు. విప్ తీగకు తగిలితే ఫ్యూజులు కాపాడవు. పిల్లలు బండిలో ఉన్నప్పుడు ఈ విషయంలో మతిమరుపుకు చోటు ఇవ్వకూడదు.

ఇంకో మాట, సెలవులకు ఇండియా వెళుతూ ఈ సెట్టును పెట్టెలో వేసుకెళ్లేవాళ్ల కోసం. అక్కడ వైర్‌లెస్ పరికరాల దిగుమతికి, వాడకానికి నిబంధనలు వేరు. అమెరికాలో లైసెన్సు అక్కర్లేదన్నది హైదరాబాద్ విమానాశ్రయంలో సమాధానం కాదు.

పని పూర్తయ్యాక పరీక్ష కూడా మీటరుతో ముగించకండి. రెండు మూడు మైళ్ల అవతల స్నేహితుడిని బండి ఆపుకుని ఉండమనండి. ఖాళీ పార్కింగులో మీ బండిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ, ప్రతి దిక్కులో ఆయన మీటరు ఎంత చూపుతోందో అడిగి రాసుకోండి. ఎటువైపు బలహీనమో కాగితం మీద తెలిసిపోతుంది. ఆ కాగితాన్ని గ్లవ్ బాక్సులో ఉంచుకోండి. మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఒక్క చలికాలంలోనే స్టార్ వాషరు కిందికి చేరుతుంది. కాబట్టి ప్రతి వసంతంలోనూ మౌంటు విప్పి, లోహం మళ్లీ మెరిసేలా ఉప్పుకాగితం వేసి, పట్టీ చివరలు బిగించి, గ్రీజు పూసి, ఆ స్నేహితుడినే మళ్లీ పిలిచి పాత అంకెలతో పోల్చి చూసుకోండి.